కడుపులో కాపురస్తులు

విద్యార్థి సంఘం కార్యదర్శి, ఈ సంచిక సంపాదకుడు ఇద్దరూ కలిసి ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. "సార్, పూర్వ విద్యార్థిగా మీరొక సైన్సు వ్యాసం ఇవ్వాలి. కానీ సైన్సు వాళ్ళే కాదు, తెలుగు ఎం.ఏ. వాళ్ళూ, కామర్సు వాళ్ళూ కూడా చదివేటట్లుండాలి" అన్నారు. అన్ని శాఖల వాళ్ళకూ సమానంగా ఉన్నదీ, అందరినీ ఏదో ఒకనాడు ఏడిపించేదీ ఏమిటా అని కాసేపు ఆలోచించి, "కడుపు గురించి రాస్తాను" అన్నాను. కుర్రాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. గుండె జబ్బంటే సానుభూతి. మెదడంటే గౌరవం. పేగుల మాట ఎత్తితే మాత్రం నవ్వు, లేదా సిగ్గు. ఆ సిగ్గు మూలంగానే నేను ఒక పరీక్ష పోగొట్టుకున్నాను. కనుక ముందు ఆ కథ చెప్పి, తరువాత సైన్సుకు వస్తాను.

గొట్టాలు మింగిన కథ

1981లో నేను ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం. ఫిబ్రవరిలో ఒక రాత్రి విరేచనాలు పట్టుకున్నాయి. పక్క గది మిత్రుడు, "దీనికి డాక్టరెందుకురా? టెట్రాసైక్లిన్ గొట్టాలు రెండు వేసుకో, తెల్లారేసరికి కట్టేస్తుంది" అని అభయమిచ్చాడు. మందుల షాపులో చీటీ ఏదని అడిగిన వాడు లేడు. రెండు గొట్టాలు మింగాను. నిజంగానే కట్టింది. ఇక మానేశాను. పది రోజులకు మళ్ళీ మొదలు. మళ్ళీ రెండు. మూడోసారి నాలుగు.

మార్చి నెలాఖరుకు పాలు తాగితే ఉబ్బరం, అన్నం తింటే గుడగుడ. ప్యాంటు నడుము మీద నిలవడం లేదు. ఆరు కిలోలు తగ్గాను. ఎవరైనా అడిగితే "పరీక్షల టెన్షన్" అనేవాణ్ణి. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

మూడో పేపరు నాడు మొదటి గంటలోనే మూడుసార్లు లేచాను. మూడోసారికి ఇన్విజిలేటరుగారు, "ఏమయ్యా, బయట పుస్తకమేమైనా దాచావా?" అన్నారు. హాలంతా నవ్వింది. నేను తిరిగి వచ్చి, రాసినంత ఇచ్చేసి, గదికి వెళ్ళి పడుకున్నాను. ఆ పేపరు సెప్టెంబరులో మళ్ళీ రాయవలసి వచ్చింది. ఆ వేసవి అంతా మా నాన్న రచ్చబండ దగ్గర కూర్చున్నప్పుడు, "మావాడి చదువు పూర్తయింది" అని ఎవరితోనూ అనలేకపోయాడు. అది నాకు ఈనాటికీ గుర్తే.

ఊరికి వెళ్ళాక ప్రభుత్వాసుపత్రిలో ఒక పెద్ద డాక్టరుగారు చూశారు. మలపరీక్ష చేయించారు. అందులో జియార్డియా అనే ఏకకణ జీవి కనబడింది. కలుషితమైన నీళ్ళతో కడుపులోకి వచ్చి, చిన్నపేగు గోడను అంటిపెట్టుకుని ఉండే జీవి అది. కొన్నాళ్ళు తగ్గినట్టుండి మళ్ళీ తిరగబెట్టడం ఆ జబ్బుకు సహజం. అంటే నాకు మధ్యలో కట్టింది గొట్టాల ప్రతాపం కాదన్నమాట. డాక్టరుగారు కాగితం చేతికిచ్చి, "ఎన్ని మింగావోయ్ మొత్తం?" అన్నారు. చెప్పాను. "ఇది బ్యాక్టీరియా కాదు. నువ్వు మింగినవి బ్యాక్టీరియాను చంపే మందులు. దొంగ దొడ్లో దాక్కుని ఉంటే, నువ్వు వీధిలో కాపలా కుక్కల్ని కొట్టావు" అన్నారు.

సరైన మందుతో జియార్డియా పది రోజుల్లో పోయింది. కడుపు మునుపటి దారికి రావడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ఆ కాపలా కుక్కలేమిటో తెలుసుకోవాలనే కుతూహలమే నన్ను సూక్ష్మజీవశాస్త్రం వైపు నడిపించింది.

మనతో కాపురమున్న వాళ్ళు

మనం తిన్న ముద్ద జీర్ణాశయంలో ఆమ్లంతో నాని, సుమారు ఆరు మీటర్ల పొడవున్న చిన్నపేగులోకి దిగుతుంది. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు అక్కడే చాలావరకు జీర్ణమై రక్తంలోకి పోతాయి. జీర్ణం కానిది, అనగా ముఖ్యంగా ఆకుకూరల్లో, పప్పుల్లో, ధాన్యపు పొట్టులో ఉండే పీచు, మీటరున్నర పొడవున్న పెద్దపేగుకు చేరుతుంది. పీచును విడగొట్టే ఎంజైములు మనిషికి దాదాపు లేవు. అందుచేత చాలాకాలం పెద్దపేగును చెత్త పారబోసే పెరడు అనుకున్నారు.

ఆ పెరట్లోనే ఒక పెద్ద ఊరుంది. అక్కడ కాపురమున్నది బ్యాక్టీరియా. మన కణాలకు పది రెట్లు బ్యాక్టీరియా ఉంటాయని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం రాశారు, నేనూ క్లాసులో చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రజ్ఞులు మళ్ళీ లెక్క కట్టి చూశారు. మనిషి ఒంట్లో కణాలు సుమారు 30 లక్షల కోట్లయితే, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. అనగా దాదాపు సరిసమానం. అన్నీ కలిపి తూస్తే పావుకిలోకు లోపే. కానీ ఆ పావుకిలో చేసే చాకిరీ చూడండి.

మనం జీర్ణం చేసుకోలేని పీచును అవి పులియబెట్టి చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు లోపలి గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం. అంటే మనం తిన్న తోటకూర కాడ మన పేగు గోడకు కూడు పెడుతున్నది, మధ్యవర్తి బ్యాక్టీరియా. అవి విటమిన్ కె తయారు చేస్తాయి. ఏది మిత్రుడో ఏది శత్రువో గుర్తించడం రోగనిరోధక శక్తికి నేర్పుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పరాయి క్రిములకు చోటివ్వవు. పైరు ఒత్తుగా ఉన్న మడిలో కలుపు లేవదు కదా! మడి ఖాళీ చేశామా, ముందు మొలిచేది కలుపే. నేను మూడుసార్లు చేసిన పని అదే.

మరి వీటికి తిండి పెట్టకపోతే? 2016లోనే ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, మనిషి పేగులోని బ్యాక్టీరియాను ఎలుకల్లో పెంచి, పీచు లేని ఆహారం ఇచ్చారు. ఆకలితో ఉన్న బ్యాక్టీరియా పేగు గోడకు రక్షణగా ఉండే జిగురు పొరను తినడం మొదలుపెట్టాయి. ఎలుక సంగతి మనిషికి అక్షరాలా వర్తించదు. అయినా కాపురమున్న వాళ్ళకు కూడు పెట్టకపోతే ఇంటి పైకప్పు పీక్కు తింటారన్నది ఆలోచించవలసిన సంగతే.

అయితే కడుపులో ఉన్నవన్నీ సాధువులు కావు. కడుపులో పుండుకు కారం, ఆదుర్దా కారణమని డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా కారణమన్నారు. ఎవరూ నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ క్రిముల్ని పెంచిన ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. నెలల తరబడి యాసిడ్ బిళ్ళలు చప్పరిస్తూ "నాకు గ్యాస్ ట్రబుల్ అంతే" అనుకునే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మంట ఎందుకో తెలుసుకోకుండా మంటను ఆర్పడం వైద్యం కాదు. పైగా ఆ ఆమ్లం బయటి క్రిములను చంపే కాపలా కూడా. దాన్ని ఎల్లకాలం తగ్గించి ఉంచితే పేగు జబ్బుల క్రిములకు దారి సులువవుతుంది.

పరీక్ష హాలుకూ పేగుకూ టెలిఫోను

పరీక్ష రోజే కడుపు ఎందుకు కలుక్కుమంటుంది? దీనికి సాక్ష్యం చాలా పాతది. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి పేలి పొట్టకు గాయమైంది. అక్కడి సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు గాని, జీర్ణాశయానికి ఒక రంధ్రం అలాగే ఉండిపోయింది. ఆ కిటికీలోంచి బోమాంట్ ఏళ్ళ తరబడి జీర్ణక్రియను కళ్ళారా చూసి, 1833లో పుస్తకం వేశాడు. ఆ మనిషికి కోపం వచ్చినప్పుడు జీర్ణం దెబ్బతినడం ఆయన గమనించాడు.

ఈనాడు మనకు ఇంకాస్త తెలుసు. పేగు గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడుకూ పేగుకూ మధ్య వేగస్ నాడి టెలిఫోను తీగలాంటిది. అందులో ఎక్కువ తంతువులు కింది నుంచి పైకే వార్తలు మోస్తాయి. సెరొటోనిన్ అనే రసాయనంలో తొంభై శాతం దాకా పేగులోనే తయారవుతుంది. ఇది విని కొందరు "అయితే పెరుగు తింటే దిగులు పోతుంది" అని ప్రచారం చేస్తున్నారు. పేగులోని సెరొటోనిన్ మెదడులోకి నేరుగా పోదు. దిగులు ఎక్కువగా ఉన్నవాళ్ళు దానికి తగిన వైద్యుణ్ణి చూడాలి, మజ్జిగను నమ్ముకుని కూర్చోకూడదు. అయితే తిండి వేళ తప్పి, నిద్ర లేక, భయంతో గడిపిన వారం తరువాత కడుపు మొరాయిస్తే అది బద్ధకం కాదు, నటన కాదు. ఇన్విజిలేటర్లుగా ఉన్న మా వృత్తి సోదరులకు కూడా ఈ మాట మనవి చేస్తున్నాను.

భీమవరం బిడ్డ

యాంటీబయాటిక్ మందుల్ని నేను తిడుతున్నానని అనుకోకండి. ఆ అపోహ పోవాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం చూడాలి. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని పొట్టనబెట్టుకుంది. ఆయనకూ ఆ జబ్బు సోకింది. ఈ జబ్బులో విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆయన బతికి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళారు.

అక్కడ లెడర్లే పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనిచేసింది. ఆయన నడిపిన పరిశోధన నుంచే, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి చేతుల మీదుగా, ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఉష్ణదేశాల స్ప్రూకు ఈనాటికీ వైద్యులు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు టెట్రాసైక్లిన్ వర్గపు మందు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన పనిచేసిన చోటు నుంచే వచ్చాయి.

నేను హాస్టల్ గదిలో పిప్పరమెంటు బిళ్ళల్లా మింగినవి అదే కుటుంబం మందులు. రోగం తెలిసి, లెక్క ప్రకారం వాడితే ప్రాణం పోసే మందు. ఊరికే మింగితే కాపలావాళ్ళను తరిమే మందు. తప్పు మందుది కాదు, నాది. ఈనాడు మన దేశంలో యాంటీబయాటిక్ అట్టల మీద నిలువుగా ఎర్ర గీత వేస్తున్నారు. ఆ గీత కనబడితే, చీటీ లేకుండా ముట్టుకోవద్దని అర్థం. గీత అందం కోసం కాదు.

మజ్జిగ మహిమ ఎంతవరకు?

పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ వచ్చింది. బల్గేరియా పల్లెల్లో ముసలివాళ్ళు ఎక్కువకాలం బతకడానికి పులిసిన పాలే కారణమని ఆయన వాదించాడు. ఆయన ఊహ పూర్తిగా నిజం కాలేదు. పూర్తిగా అబద్ధమూ కాలేదు. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 36 మందిని రెండు జట్లు చేసి, పది వారాలపాటు ఒక జట్టుకు పీచు, ఒక జట్టుకు పెరుగులాంటి పులిసిన ఆహారం ఎక్కువగా పెట్టారు. పులిసినవి తిన్న జట్టులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు సూచనలు తగ్గాయి. చిన్న ప్రయోగమే, కానీ మన ఇళ్ళలో ముసలమ్మలు వింటే "ఇందుకు స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్ళాలా?" అంటారు.

ఎందుకంటే మా నాయనమ్మ వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజి పులిసి పుల్లగా ఉండేది. అందులో అన్నం నానబెట్టి పొద్దున్నే పెట్టేది. పక్కన ఉల్లిపాయ ముక్క. ఇప్పుడు ఆలోచిస్తే, చల్లారిన అన్నంలో కొంత పిండి గట్టిపడి చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది. ఉల్లిలోని పీచు బ్యాక్టీరియాకు ఇష్టమైన మేత. పులిసిన నీళ్ళలో జీవమున్న బ్యాక్టీరియా. మేత, మందా రెండూ ఒకే గిన్నెలో! అయితే ఊరికే గిన్నెలో వదిలేసి వాసన పట్టిన అన్నం చద్దన్నం కాదు. అది పారబోయాలి.

ఇడ్లీ సంగతి వేరు. పిండిని పొంగించిన బ్యాక్టీరియా ఆవిరికి చస్తాయి. వాటి పనితనం మాత్రం మెత్తదనంలో, రుచిలో మిగులుతుంది. జీవమున్న బ్యాక్టీరియా కావాలంటే పెరుగు, మజ్జిగ. పాలు పడని వాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. పాలలోని చక్కెరను తోడు కొంతవరకు ముందే తినేస్తుంది కదా.

ఇటీవల ఒక విద్యార్థి ప్రోబయాటిక్ పొడి డబ్బా తెచ్చి, "నెల మెస్ బిల్లులో సగం పెట్టి కొన్నాను సార్, పనిచేస్తుందా?" అని అడిగాడు. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం పరిశోధనలన్నీ పరిశీలించి, చాలావరకు పేగు జబ్బులకు వీటిని సిఫారసు చేసేటంత ఆధారం లేదని తేల్చింది. "ఆ డబ్బుతో రోజూ ఒక జామకాయ, గ్లాసెడు మజ్జిగ కొనుక్కో నాయనా. ఇంకా మిగులుతుంది" అన్నాను.

ఇక చేయవలసినవి

మొదటిది, పీచు. రోజుకు కనీసం 25 గ్రాములుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన జాతీయ పోషకాహార సంస్థ, అదే హైదరాబాదు తార్నాకలో ఉన్నది, 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 3 గ్రాములే. అంతే తూకం రాగుల్లో, జొన్నల్లో 10 గ్రాముల పైన. జామకాయలో 8 గ్రాముల పైన. కనుక హాస్టల్ అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, గోరుచిక్కుడు కూర, ఆకుకూర ఒక గరిటె పెంచండి. మెస్ కమిటీలో ఉన్న మిత్రులు వారానికి రెండుసార్లు జొన్నరొట్టె గాని రాగిసంకటి గాని పెట్టిస్తే పుణ్యముంటుంది. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరిస్తుంది. వారం వారం కొంచెం కొంచెంగా, నీళ్ళు బాగా తాగుతూ పెంచాలి.

రెండోది, తిండి వేళ. పగలంతా పస్తుండి రాత్రి పన్నెండింటికి నూడుల్సు, కూల్‌డ్రింకు తాగితే పేగు ఊరుకోదు. పొద్దున లేవగానే దొడ్డికి వెళ్ళడానికి తీరిక ఉంచుకోండి. ఆపుకోవడం అలవాటైతే మలబద్ధకం అలవాటవుతుంది.

మూడోది, నీళ్ళు, చేతులు. నా జియార్డియా గాలిలో రాలేదు. హాస్టల్ నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగడం విద్యార్థి సంఘం పని. ఎన్నికల్లో ఇచ్చే వాగ్దానాల్లో ఇది కూడా చేరితే సంతోషిస్తాను.

నాలుగోది, విరేచనాలు పట్టుకుంటే ముందు గొట్టం కాదు, నీరు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, బొంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళతోనే కలరా రోగుల్ని వేలకొద్దీ కాపాడారు.

ఐదోది, సిగ్గు విడవడం. మలంలో రక్తం పడినా, బరువు కారణం లేకుండా తగ్గినా, జ్వరంతో విరేచనాలైనా, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి గాని విరేచనం గాని ఉన్నా, రెండు మూడు వారాలు దాటి కడుపు దారికి రాకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మలపరీక్ష రాస్తే చేయించండి. అది అవమానం కాదు. నాకు ఆ పరీక్ష ఫిబ్రవరిలో జరిగి ఉంటే మార్చిలో మరో పరీక్ష తప్పేది కాదు.

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ కూడు ఒక్క మనకే కాదు, మనలో కాపురమున్న 38 లక్షల కోట్ల మందికి కూడా అని ఈ వ్యాసం మనవి. ఈ సంచిక ఆవిష్కరణ రోజు భోజనాలకు నేనూ వస్తాను. సంపాదకుడు మజ్జిగ పెట్టిస్తానన్నాడు. పరీక్షలు నిశ్చింతగా రాయండి. హాల్లో ఎవరైనా మూడుసార్లు లేస్తే మాత్రం దయచేసి నవ్వకండి.